చాంగ్‌థాంగ్‌కి ఆరుగురు: రోడ్డు మ్యాప్ కంటే ముందు రాత్రుల పట్టిక రాసుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్ నుంచి ఆరుగురు వెళ్తున్నారు. అందరిలో చిన్నవాడికి 27, పెద్దాయనకు 61. ఆయన బీపీ మాత్రలు వాడుతున్నారు, షుగర్ కూడా ఉంది. సెప్టెంబరు మొదటి వారంలో విమానంలో లేహ్ చేరి, మర్నాడే బయల్దేరి పాంగోంగ్ సరస్సు, హాన్లే ఊరు, ఉమ్‌లింగ్ లా (‘లా’ అంటే కనుమ), త్సో మోరీరీ సరస్సు చూసుకుని ఆరో రోజుకు లేహ్ తిరిగి రావాలి. ఆరుగురికీ కలిపి ఒకే ఇన్నోవా. ఇది కుదురుతుందా, ఏమేం పట్టుకెళ్లాలి?

కుదరదు. చోట్లు బాగానే ఎంచుకున్నారు గానీ రోజులు చాలవు, ఒక్క బండి అసలే చాలదు. లద్దాఖ్ తూర్పు పీఠభూమి అయిన చాంగ్‌థాంగ్‌లో ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నాం, అక్కడ ఒకరికి ఒంట్లో బాగోకపోతే ఎటువైపు దిగుతాం. ఇవి తేలాక మిగిలేది సామాన్ల లెక్కే.

హైదరాబాద్ ఎత్తు దాదాపు 540 మీటర్లు. లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్లు, బజారు 3,500. హాన్లే 4,300, త్సో మోరీరీ ఒడ్డున కోర్జోక్ ఊరు 4,550 దరిదాపు, ఉమ్‌లింగ్ లా 5,799. గాలిలో ఆక్సిజన్ అక్కడా 21 శాతమే, తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంతో పోలిస్తే లేహ్‌లో అది సుమారు 65 శాతం, హాన్లేలో 58-59, ఉమ్‌లింగ్ లా మీద సగానికి కాస్త తక్కువ. ఊపిరి వేగం మొదటి గంటల్లోనే పెరుగుతుంది కానీ, దానికి తగ్గట్టు రక్తంలో ఆమ్ల, క్షారాల సమతూకాన్ని మూత్రపిండాలు సరిచేయడానికి రోజులు పడుతుంది. నిద్రలో ఊపిరి మందగిస్తుంది కాబట్టి పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చామన్నదాని కంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నదే ఎక్కువ ముఖ్యం. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో అదనంగా ఒక రాత్రి ఆగాలి. పర్వత వైద్యులందరూ చెప్పే లెక్క ఇదే. మీ పట్టికలో రెండో రాత్రే పాంగోంగ్. అంటే 540 నుంచి 4,250కి ఒకటిన్నర రోజులో. అర్ధరాత్రి ఆక్సిజన్ పెట్టుకుని లేహ్ ఆసుపత్రికి దిగే బండ్లలో ఎక్కువమంది ఇలా బయల్దేరినవాళ్లే.

పట్టికను ఇలా మార్చండి. విమానం దిగగానే లేహ్‌లో ఆగకుండా సింధు నది వెంబడి పడమరకు ఆల్చీ వైపు వెళ్లిపోండి. 65 కి.మీ. ఉంటుంది, ఎత్తు 3,100 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు. మొదటి రోజు మఠాలూ వద్దు, మెట్లూ వద్దు. మూడో రాత్రి లేహ్‌లో. నాలుగో రాత్రి చుమాథాంగ్‌లో, లేహ్ నుంచి దాదాపు 140 కి.మీ., ఎత్తు సుమారు 4,000. వేడినీటి ఊటలున్న ఊరు, రోడ్డు పొడుగునా నది పక్కనే. ఐదు, ఆరు, ఏడు రాత్రులు హాన్లేలో. ఆరో రోజు ఊళ్లోనే ఉండి, ఏడో రోజు ఉమ్‌లింగ్ లా వెళ్లి వెనక్కి. ఎనిమిదో రాత్రి లోమా, మాహే మీదుగా కోర్జోక్. తొమ్మిదో రాత్రి లేహ్. పదో రోజు ఖాళీగా పెట్టుకోండి. లేహ్ విమానాలు పొద్దున పూటే ఎక్కువ, మబ్బు పడితే రద్దవుతాయి. ఆ ఖాళీ రోజు లేనివాళ్లు చివర్లో కంగారుపడి రాత్రి ప్రయాణాలు చేస్తారు. పదకొండో రోజు ఇంటికి.

పాంగోంగ్ ఏమైందంటారు. తీసేశాను. నా లెక్కలో అది ఈ ప్రయాణానికి అనవసరమైన బరువు. హాన్లే నుంచి హాన్లే నది వెంట లోమాకి, అక్కడి నుంచి సింధు వెంట న్యోమా, మాహే, చుమాథాంగ్, ఉప్షీ మీదుగా లేహ్ దాకా ఒక్క కనుమ కూడా ఎక్కక్కర్లేదు, దారంతా దిగుడే. నిజంగా ఒకరికి ఊపిరి ఆడకపోతే అర్ధరాత్రయినా ఈ దారిన దిగొచ్చు. కోర్జోక్ నుంచి దిగాలంటే ముందు నామ్‌షాంగ్ లా అనే చిన్న కనుమ ఎక్కాలి, తర్వాత దిగుడు. అందుకే కోర్జోక్‌ని మొదట్లో కాకుండా చివర పెట్టాను. అప్పటికి అందరి ఒళ్లూ అలవాటుపడి ఉంటుంది. పాంగోంగ్ నుంచి లేహ్‌కి మామూలు దారి 5,360 మీటర్ల చాంగ్ లా మీదుగానే. ఊపిరితిత్తుల్లో నీరు చేరిన మనిషిని ఇంకో వెయ్యి మీటర్లు పైకెక్కించి ఆసుపత్రికి తేవాలన్నమాట. పాంగోంగ్ చూడకుండా రామంటే కోర్జోక్ బదులు హాన్లే నుంచి లోమా, చుషూల్ మీదుగా వెళ్లండి. 1962 యుద్ధంలో చనిపోయిన సైనికుల రెజాంగ్ లా స్మారకం ఆ దారిలోనే ఉంది. అక్కడ ఒకరికి బాగోకపోతే చాంగ్ లా ఎక్కకుండా తాంగ్‌త్సే, దుర్బుక్, ష్యోక్ మీదుగా నుబ్రా లోయకు దిగే దారి ఒకటుంది, దిస్కిత్‌లో ఆసుపత్రి ఉంది. ఆ నది పక్క రోడ్డు జులై, ఆగస్టుల్లో వరదకు కొట్టుకుపోతూ ఉంటుంది, కాబట్టి తెరిచి ఉందో లేదో తాంగ్‌త్సేలో ముందే కనుక్కోండి.

ఇక బండ్ల సంగతి. ఆరుగురికి రెండు బండ్లు, ఇద్దరు డ్రైవర్లు. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఒకే బండి ఉంటే ఒకరికి జబ్బు చేసినప్పుడు ఆరుగురూ దిగాలి, లేదా ఎవరూ దిగకూడదు. ఈ రెండోదే జరుగుతుంది, ‘‘పొద్దుటిదాకా చూద్దాం’’ అన్న మాట దగ్గరే. రెండుంటే రోగి, తోడుగా ఒకరు, ఒక సిలిండర్, ఒక డ్రైవరు వెంటనే బయల్దేరతారు, మిగతావాళ్లు పొద్దున వెనకాల వస్తారు. బండి చెడిపోయినా ఇదే లెక్క. ఇంకో మాట, ఈ నిర్ణయం ఎవరు తీసుకోవాలో లేహ్‌లోనే చెప్పుకోండి. రోగిని అడగొద్దు, ‘‘నావల్ల అందరి ట్రిప్పు పాడవుతుందేమో’’ అని అబద్ధం చెబుతాడు. మన పెద్దవాళ్లయితే మరీను, పక్కనున్న అల్లుడికి ఇబ్బందని తలనొప్పి కూడా చెప్పరు. రోజూ పొద్దున, రాత్రి ఒకే మనిషి అందరినీ ఒకే నాలుగు ప్రశ్నలు అడగాలి: తలనొప్పి ఉందా, తిండి తినబుద్ధవుతోందా, కళ్లు తిరుగుతున్నాయా, కూర్చున్నప్పుడు ఆయాసం ఉందా. జవాబులు పుస్తకంలో రాయాలి.

తలనొప్పి, వికారం, నీరసం చేరిన 6 నుంచి 12 గంటల్లో మొదలవుతాయి. పారాసెటమాల్‌కి తగ్గి, అన్నం తినగలుగుతుంటే అక్కడే ఆగొచ్చు. పైకి మాత్రం వద్దు. ఒక రోజు గడిచినా తగ్గకపోతే దిగాలి. అసలు భయపడాల్సినవి రెండు. ఒకటి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఇది ఎక్కువగా కొత్త ఎత్తులో రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి లోపు వస్తుంది. మొదట మిగతావాళ్లతో సమానంగా నడవలేకపోవడం, పొడిదగ్గు, తర్వాత పడుకున్నా ఆయాసం, చివరికి గులాబీ రంగు నురగ. తలనొప్పి లేకుండానే రావచ్చు. రెండోది మెదడు వాపు. దీనికి పరీక్ష సులువు. నేలమీద గీత గీసి, ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా పది అడుగులు వేయించండి. తూలితే, మాట తికమకగా ఉంటే, ఇంకేం ఆలోచించకుండా బండెక్కించాలి. ఈ రెండింటికీ మందు దిగడమే. మిగతావన్నీ దిగేదాకా ప్రాణం నిలబెట్టేవి.

మందులు మీ డాక్టరు దగ్గర, ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీ చూపించి రాయించుకోండి. ఎత్తుకు ఒళ్లు అలవాటుపడటానికి డయామాక్స్ అనే అసెటజోలమైడ్ 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, విమానం ఎక్కే ముందురోజు నుంచి. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీలో రాళ్లున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. వేళ్లు తిమ్మిర్లెక్కడం, మాటిమాటికీ మూత్రం, కూల్‌డ్రింక్ చప్పగా అనిపించడం దాని మామూలు లక్షణాలు, గాభరా పడక్కర్లేదు. అత్యవసరానికి మెదడు వాపుకి డెక్సామెథసోన్ (మొదట 8 మి.గ్రా., తర్వాత ఆరు గంటలకోసారి 4), ఊపిరితిత్తులకి నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్ 30 మి.గ్రా. పన్నెండు గంటలకోసారి. బీపీ మాత్రలు వాడే పెద్దాయనకి నిఫెడిపిన్ కలిస్తే బీపీ బాగా పడిపోవచ్చు, ఆ ఒక్క విషయం డాక్టరుతో విడిగా మాట్లాడండి. ఇన్సులిన్ వాడేవాళ్లయితే దాన్ని బ్యాగులో కాక ఒంటికి ఆనించి లోపలి జేబులో పెట్టుకోవాలి, గడ్డకడితే పనికిరాదు. గ్లూకోమీటర్ చలిలో, ఎత్తులో తప్పు అంకె చూపిస్తుంది. పరికరాన్ని, పట్టీలను, చేతిని వెచ్చబెట్టాకే చూడండి. నిద్రమాత్రలు, మందు పార్టీలు లేహ్‌కి తిరిగొచ్చేదాకా వద్దు.

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే, వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్ తీసుకెళ్లండి గానీ దాని బానిసలు కావొద్దు. చల్లటి వేలికి తప్పు చూపిస్తుంది. ఐదు నిమిషాలు కూర్చుని, చేతులు రుద్దుకుని, అంకె ఒక నిమిషం నిలకడగా ఉన్నాక చదవాలి. హాన్లేలో మొదటి పొద్దున 80ల్లో ఉండటం మామూలే. అందరికీ 84, 86 ఉండి ఒకరికే 70 ఉంటే, అదీ ఆయాసంతో, అప్పుడు సందేహించాలి.

బజారులో అమ్మే స్ప్రే డబ్బాల ఆక్సిజన్ మీద డబ్బు తగలేయకండి. ఆరు లీటర్ల డబ్బా నిమిషానికి రెండు లీటర్ల చొప్పున మూడు నిమిషాలొస్తుంది. అసలు సిలిండర్ లెక్క ఇది: సిలిండర్ నీటి కొలత లీటర్లలో, దాన్ని గేజీ చూపించే బార్‌లతో (ఒత్తిడి కొలత) గుణించాలి. 10 లీటర్ల సిలిండర్‌లో 150 బార్ ఉంటే 1,500 లీటర్ల వాయువు. నిమిషానికి 2 లీటర్లయితే పన్నెండున్నర గంటలు, 4 అయితే ఆరు గంటల పైచిలుకు. హాన్లే నుంచి లేహ్ దాదాపు 255 కి.మీ., రాత్రిపూట ఏడెనిమిది గంటలు. కాబట్టి బండికొకటి చొప్పున పెద్ద సిలిండర్లు లేహ్‌లో అద్దెకు తీసుకోండి. తీసుకునేటప్పుడు దుకాణంలోనే రెగ్యులేటర్ బిగించి, తెరిచి, గేజీ చదివి, గొట్టం చివర నీళ్లలో ముంచి బుడగలు చూడండి. వాల్వు తిప్పే తాళంచెవి (చిన్న స్పానర్ లాంటిది) విడిగా ఇస్తారు. అర్ధరాత్రి చలిలో జనం వెతుక్కునేది దాన్నే. తాడు కట్టి సిలిండర్ మెడకే వేలాడదీయండి. ముక్కు గొట్టాలు మూడు అదనంగా ఉంచుకోండి. పెదాలు పగులుతాయని అందరూ వాజిలీన్ రాస్తారు. ఆక్సిజన్ పెట్టుకునే మనిషికి అది వద్దు, రెగ్యులేటర్ దగ్గర నూనె చేతులూ వద్దు. స్వచ్ఛమైన ఆక్సిజన్‌కి జిడ్డు తగిలితే అంటుకుంటుంది. సిలిండర్‌ని డీజిల్ డబ్బాల పక్కన పెట్టకూడదనేది కూడా ఇందుకే.

బండ్లు లేహ్ ట్యాక్సీలే మాట్లాడుకోవాలి. బయటి రాష్ట్రాల ట్యాక్సీలను, అద్దె కార్లను, అద్దె బైకులను అక్కడ తిప్పనివ్వరు, సొంత బండికైతే అభ్యంతరం లేదు. యూనియన్ రేట్ల పట్టిక అచ్చులో దొరుకుతుంది. ముందురోజు సాయంత్రం బండి దగ్గరికెళ్లి చూడాల్సినవి: స్టెప్నీ అదే సైజా, దానికి గాడి మిగిలి ఉందా, జాకీ, వీల్ స్పానర్ పనిచేస్తున్నాయా, టోయింగ్ తాడు, పార, 12 వోల్టుల గాలి పంపు ఉన్నాయా. ఈ దారుల్లో రాళ్లు టైరు పక్కగోడను కోస్తాయి. ఆ కోతకి పంక్చర్ బిళ్ల పనిచేయదు, అందుకే బండికి రెండు స్టెప్నీలుంటే మంచిది. కూలెంట్ నీళ్లు సగం, ద్రవం సగం ఉండాలి. అలా ఉంటే మైనస్ 35 దాకా గడ్డకట్టదు. ఒట్టి నీళ్లు పోసి తిప్పే బండి హాన్లే రాత్రికి నమ్మకం కాదు. ఇంజన్ వేడెక్కితే రేడియేటర్ మూత వెంటనే విప్పొద్దు. అక్కడ నీరు 86 డిగ్రీలకే మరుగుతుంది, మూత కిందున్న ద్రవం అంతకంటే వేడిగా ఉంటుంది, వదులవగానే ముఖానికి ఎగజిమ్ముతుంది. బీఎస్-6 డీజిల్ బండ్లలో కొన్నిటికి పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ ద్రవం కావాలి. అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. సెప్టెంబరులో ఆ ఇబ్బంది ఉండదు గానీ, లేహ్ దాటాక కొనడం కష్టం, అక్కడే నింపుకోండి.

టైరు గాలి విషయంలో ఒక చిన్న తమాషా. గేజీ చూపించేది టైరు లోపలికీ బయటి గాలికీ మధ్య తేడాను. సముద్రమట్టం దగ్గర నింపిన టైరు 4,500 మీటర్ల మీద అదే వేడిలో 6 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. సొంత బండిలో మైదానం నుంచి వచ్చేవాళ్లు ఇది తెలియక గాలి తీసేస్తారు, రాత్రి చలికి మళ్లీ తగ్గిపోయి పొద్దునకి మెత్తబడతాయి. ఎప్పుడు చూసినా పొద్దున, బండి కదలకముందే చూడాలి. ఇదే కారణానికి చిప్స్ ప్యాకెట్లు ఉబ్బుతాయి, షాంపూ సీసాలు మూత తీయగానే కక్కుతాయి.

డీజిల్ లెక్క: ఈ పట్టికలో లేహ్ నుంచి చుమాథాంగ్‌కి బయల్దేరి మళ్లీ లేహ్ తిరిగొచ్చేదాకా, ఉమ్‌లింగ్ లా కలుపుకుని, మొత్తం 800 కి.మీ. పైనే. లోడుతో, గేరు కిందికి వేసుకుంటూ లీటరుకు 8-9 కి.మీ. అనుకోండి, వంద లీటర్ల దాకా అవుతుంది. ఇన్నోవా ట్యాంకు 55. లేహ్ నుంచి 35 కి.మీ. దూరంలోని ఖారూలో ట్యాంకు పూర్తిగా నింపి, 20 లీటర్ల ఇనుప జెర్రీకేన్లు బండికి మూడు తీసుకోండి. మధ్యలో ఏ ఊళ్లో బంకు తెరిచారని విన్నా లెక్కలోకి తీసుకోకండి, ట్యాంకర్ రాకపోతే ఆ రోజు అక్కడ ఇంధనం ఉండదు. కేన్లు మూతదాకా నింపొద్దు, కాస్త ఖాళీ ఉంచండి. పైకెళ్లాక మూత నెమ్మదిగా తిప్పి ఆవిరి పోనిచ్చి అప్పుడు తెరవండి.

చెరువుల చుట్టూ ఉన్న పచ్చటి మైదానం చూసి డ్రైవరుని అటు పోనివ్వమనకండి. పైన పెచ్చు, కింద బురద. ఒకసారి ఇరుసుదాకా దిగితే, లాగే బండి వచ్చేసరికి సాయంత్రమవుతుంది. పైగా అదంతా చాంగ్‌థాంగ్ అభయారణ్యం, నల్లమెడ కొంగలు గూళ్లు పెట్టేది ఆ తడి నేలలోనే. కియాంగ్‌లు (అడవి గాడిదలు) బండి పక్కన పరుగెత్తితే తమాషాగా ఉంటుంది. అవి భయంతో పరుగెడుతున్నాయి, వేగం పెంచి తరమొద్దు. మంచు కరిగిన వాగులు మధ్యాహ్నం రెండింటి తర్వాత పొంగుతాయి, పొద్దున పది లోపు దాటేయాలి. దాటే ముందు ఒకరు కర్రతో దిగి లోతు చూసి రావాలి. నీళ్లు మోకాలు దాటితే ఆగి, తగ్గేదాకా కూర్చోవడమే. ఊళ్ల చివర కుక్కల గుంపులుంటాయి, చీకటి పడ్డాక ఒంటరిగా బయటికి వెళ్లొద్దు.

తిండి దగ్గర మనవాళ్లకు వచ్చే ఇబ్బంది అన్నం, పప్పు. నీరు 86 డిగ్రీలకే మరుగుతుంటే గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది. కుక్కర్ తప్పనిసరి, కానీ కుక్కర్ కూడా ఇంట్లోలా పనిచేయదు. ఇంట్లో లోపల 120 డిగ్రీలుండేది అక్కడ 113 దాకానే చేరుతుంది, ఎందుకంటే విజిల్ బరువు బయటి గాలి ఒత్తిడికి పైన ఇంత అని మాత్రమే ఆపుతుంది. విజిళ్లు లెక్కపెట్టకుండా గడియారం చూడండి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి బియ్యానికి పది పన్నెండు నిమిషాలు, నానబెట్టిన పప్పుకి పాతిక. గాస్కెట్ ఒకటి అదనంగా పట్టుకెళ్లండి, చలికి బిరుసెక్కి ఆవిరి వదిలేస్తుంది. ఉప్మా రవ్వ, అటుకులు, సేమ్యా 86 డిగ్రీల్లోనూ ఉడుకుతాయి, కాబట్టి దారిలో వంటకి అవే మేలు. ఆవకాయ, కారప్పొడులు ఉంటే హోమ్‌స్టేవాళ్లు పెట్టే రొట్టె, అన్నం, కూరతో రోజులు సులువుగా గడిచిపోతాయి. ఆకలి చచ్చిపోయే ఎత్తులో నాలుక్కి తెలిసిన రుచి ఉండటం చిన్న విషయం కాదు. కొబ్బరినూనె రాయిలా గడ్డకడుతుంది, నువ్వులనూనె నయం. గదిలో, గుడారంలో పొయ్యి వెలిగించి తలుపు మూసుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్ వల్ల వచ్చే తలనొప్పి అచ్చం ఎత్తువల్ల వచ్చేదానిలాగే ఉంటుంది, తేడా తెలిసేలోపు ఆలస్యమవుతుంది.

తాగే నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్క. డ్రైవర్లతో కలిపి ఎనిమిదిమందికి రెండు రోజుల నీళ్లు, అంటే 64 లీటర్లు, ఎప్పుడూ బండ్లలో ఉండాలి. త్సో మోరీరీ నీళ్లు, పాంగోంగ్ నీళ్లు ఉప్పన, తాగడానికి పనికిరావు. ఊటల నీళ్లు మరిగించి తాగొచ్చు, 86 డిగ్రీల్లో మరిగినా క్రిములు చస్తాయి. క్లోరిన్ బిళ్లలు చల్లటి నీళ్లలో నెమ్మదిగా పనిచేస్తాయి, ప్యాకెట్ మీద రాసిన సమయానికి రెట్టింపు ఆగండి. సీసాలు రాత్రి తలకిందులుగా పెడితే గడ్డకట్టినా మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

బట్టల గురించి అందరికీ తెలిసిందే, ఒక్కటే చెబుతాను. ఎండలో అరచేయి కాలుతుంటే నీడలో వేళ్లు కొయ్యబారతాయి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక గాలి లేస్తుంది. చలికోటు పెట్టెలో కాకుండా సీటు పక్కన ఉండాలి. కళ్లద్దాలు పక్కలు మూసినవి.

కాగితాలు: సరిహద్దు ప్రాంతాలకు వెళ్లడానికి భారతీయులకు ఉండే ఇన్నర్ లైన్ పర్మిట్ 2021లో ఎత్తేశారు, అయినా లేహ్ హిల్ కౌన్సిల్ పోర్టల్‌లో పర్యావరణ రుసుము కట్టి, వెళ్లే చోట్ల పేర్లతో రసీదు తీసుకోవాలి. సరిహద్దు చివరి ఊళ్ల నిబంధనలు పరిస్థితిని బట్టి మారుతుంటాయి, బయల్దేరే వారంలో మళ్లీ చూసుకోండి. ఆధార్‌తో కలిపి ఐదారు ప్రతులు అచ్చు వేయించుకోండి, చెక్‌పోస్టుల్లో ఒక్కో ప్రతి ఇచ్చేయాల్సి వస్తుంది. అమెరికా నుంచి వచ్చే బంధువులెవరైనా కలుస్తుంటే గుర్తుంచుకోండి, ఓసీఐ కార్డు ఉన్నా ఇక్కడ విదేశీయుల కిందే లెక్క, వాళ్లకి ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి, అది ఏజెంట్ ద్వారానే. వాళ్లు అక్కడ ట్రెక్కింగుకి వాడే గార్మిన్ ఇన్‌రీచ్ (ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే పరికరం), శాటిలైట్ ఫోన్ మన దేశంలో అనుమతి లేకుండా ఉంచుకోవడం నేరం, విమానాశ్రయంలోనే పట్టుకుంటారు. వంతెనలు, సైనిక శిబిరాలు ఫొటో తీయొద్దు, డ్రోన్ ఇంట్లో వదిలేయండి.

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి, ఇద్దరి దగ్గర వేర్వేరు కంపెనీలవి ఉంటే మేలు. న్యోమా దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అది లేనప్పుడు యూపీఐ కూడా ఉండదు, వంద, ఐదొందల నోట్లు లేహ్‌లోనే తీసుకోండి.

హాన్లేకి తేదీలు కుదిరితే అమావాస్యకు అటూ ఇటూ నాలుగు రోజుల్లో పడేలా చూసుకోండి. 2022లో దాన్ని డార్క్ స్కై రిజర్వ్‌గా (నక్షత్రాలు కనపడేలా రాత్రి చీకటిని కాపాడే ప్రాంతంగా) ప్రకటించారు, ఊళ్లోవాళ్లకే టెలిస్కోపులిచ్చి శిక్షణ ఇచ్చారు. కొండమీది రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను బెంగళూరు దగ్గర హోస్కోటె నుంచి నడుపుతారు. రాత్రి బండి హెడ్‌లైట్లు, కిటికీ తెరలు విషయంలో ఊళ్లోవాళ్లు చెప్పినట్టు చేయండి.

ఉమ్‌లింగ్ లా రోజున 61 ఏళ్ల పెద్దాయన, ముందురోజు ఏ చిన్న లక్షణమున్నవాళ్లయినా, హాన్లేలోనే ఉండిపోవాలి. వాళ్లతో ఒక తోడు, ఒక బండి, ఒక సిలిండర్. మిగతావాళ్లు రెండో బండిలో, ఒంటరిగా కాకుండా అదే పొద్దున బయల్దేరే మరో గుంపుతో మాట్లాడుకుని జతగా వెళ్లాలి. హోమ్‌స్టే యజమానిని అడిగితే ఎవరు వెళ్తున్నారో చెబుతారు. ఏడింటికి బయల్దేరి, 5,524 మీటర్ల ఫోటి లా దగ్గర దిగి అందరూ పది అడుగుల పరీక్ష చేసుకోండి. ఒకరు తూలినా వెనక్కే. పైన పావుగంటకు మించి ఉండొద్దు. బోర్డు దగ్గర పరుగులు, గెంతులు, ఊపిరి బిగబట్టి తీసే ఫొటోలు వద్దు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి పైకి చేరకపోతే ఎక్కడున్నా బండి తిప్పేయండి.

హైదరాబాద్‌లో ఒకరికి ఈ రాత్రుల పట్టిక, రెండు బండ్ల నంబర్లు, డ్రైవర్ల ఫోన్లు, హోమ్‌స్టేల ఫోన్లు, ఆరుగురి బ్లడ్ గ్రూపులు రాసి ఇచ్చి వెళ్లండి. ఐదో రోజు, ఎనిమిదో రోజు మాహే వంతెన దాటేలోపు సిగ్నల్ దొరికిన చోట ఫోన్ చేయాలి. తొమ్మిదో రోజు రాత్రి పదింటిదాకా ఏ కబురూ లేకపోతే ఆయన ముందు లేహ్‌లో ట్యాక్సీ యజమానికి, తర్వాత కోర్జోక్ హోమ్‌స్టేకి, ఆ తర్వాత 112కి, అదే వరసలో ఫోన్ చేస్తారు.